ఇరవై ఒకటో మాట

పిల్లలు పంపే జవాబులు దిద్దడానికి సెల్మా ప్రతినెలా ఒక అట్ట తయారు చేసుకునేది. పత్రికలో అచ్చయిన అక్షరాల చదరం అడ్డంగా పన్నెండు గళ్ళు, నిలువుగా పన్నెండు గళ్ళు ఉండేది. అట్ట సరిగ్గా ఆ కొలతకే కోసి, చదరంలో మాటలు దాగి ఉన్నచోటల్లా బ్లేడుతో సన్నటి కిటికీలు తెరిచేది. పిల్లలు పంపిన కాగితం మీద ఆ అట్ట పెడితే చాలు, వాళ్ళు పెన్సిలుతో చుట్టిన మాటలన్నీ కిటికీల్లోంచి కనబడేవి. ఇరవై కిటికీలూ నిండితే జవాబు కరెక్టు.

1951 మార్చి ఆరో తారీకు, మంగళవారం. తార్తు ఊళ్ళో ‘వేకువ’ పిల్లల మాసపత్రిక ఆఫీసు. పొయ్యిలో కట్టెలు పొద్దున్నే తడిసి ఉన్నాయో ఏమో, గదంతా పొగ. సెల్మా భుజాల చుట్టూ ఉన్నిశాలువ బిగించుకుని రెండొందలకు పైగా జవాబులు ముందేసుకుని కూర్చుంది. ఫిబ్రవరి పజిలు పేరు ‘మా సమష్టి క్షేత్రం’. ట్రాక్టరు, పాలు, గోధుమ, ఆవు, కొడవలి, గడ్డివాము, ఇలాంటివి ఇరవై మాటలు. పిల్లలకి కొత్త మాటలు వంటపట్టాలని ఒక్కో నెల ఒక్కో విషయం తీసుకుని ఆమె ఈ పేజీ నడుపుతోంది. పేజీ పేరు ‘మాటల పెట్టె’. పిల్లలు ఆమెని మాటల పెట్టె అత్తయ్య అంటారు.

మధ్యాహ్నం కాబోతుండగా చేతికొచ్చిన పోస్టుకార్డు మీద పత్రికలోంచి కత్తిరించిన చదరం అంటించి ఉంది. దాని మీద అట్ట పెట్టింది. ఇరవై కిటికీలూ నిండాయి. అట్ట తియ్యగానే కింద, కుడివైపు మూలన, కిటికీలు లేనిచోట ఎర్ర పెన్సిలుతో నిలువుగా చుట్టిన గుర్తు ఒకటి కనిపించింది.

పిల్లలు ఇలా లేనిపోని మాటలు చుట్టడం మామూలే. సెల్మా చిన్నగా నవ్వుకుంటూ కార్డు తిప్పి చదివింది.

“మాటల పెట్టె అత్తయ్యకి నమస్కారం. మీరు ఇరవై మాటలే ఉన్నాయన్నారు. నాకు ఇరవై ఒకటి దొరికాయి. ఇరవై ఒకటోది ఆకలి. అది అట్టడుగు వరసలో గోధుమ దగ్గర మొదలై, ఆవుని దాటుకుని పైకి పోతుంది. మీరు మర్చిపోయారో, మేము కనుక్కుంటామో లేదోనని కావాలనే చెప్పలేదో నాకు తెలీదు. ఎక్కువ కనుక్కుంటే రంగు పెన్సిళ్ళు ఎక్కువ ఇస్తారా? ఇట్లు, ఉర్వే, అయిదో తరగతి.” దాని కింద గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరు, ఊరు, బడి, జిల్లా.

సెల్మా నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కార్డు మళ్ళీ తిప్పి, గీసుకునే స్కేలు ఆ నిలువు వరసకి ఆనించి, ఒక్కో గడీ కింద నుంచి పైకి చదివింది. గోధుమలోని మొదటి అక్షరం. దాని నెత్తిన, ఖాళీ నింపడానికి వేసిన అక్షరం, పైన రెండు చుక్కలుండే ఏ. దానిపైన ఆవులోని మొదటి అక్షరం. ఆపైన మళ్ళీ ఒక ఒట్టి అక్షరం. వాళ్ళ భాషలో ఆకలి అనే మాటకి నాలుగే అక్షరాలు. నాలుగూ వరసగా ఉన్నాయి. సమష్టి క్షేత్రంలోనే, గోధుమకీ ఆవుకీ మధ్య, ఆకలి.

పద్దెనిమిది వేల కాపీలు.

“ఆ ఎర్ర పెన్సిలు కార్డేనా?” కిటికీ దగ్గర బల్ల మీంచి ఐతా అడిగింది. ఐతా ఆఫీసుకొచ్చే ఉత్తరాలకి నంబర్లు వేసి పుస్తకంలో ఎక్కిస్తుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. “పొద్దున చదివి ఎంత నవ్వుకున్నానో! భలే గడుసుది కదా, ఎక్కువ పెన్సిళ్ళు కావాలంట!”

సెల్మా కార్డు మీంచి స్కేలు తీసేసింది. ఐతా ఆమె మొహం చూసింది, చూసి తన మొహం మార్చుకుంది. లేచి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది: “నేను... నేనది అలా ఆలోచించలేదండీ. రెండొందల పద్నాలుగో నంబరు. ఎక్కించేశాను. సిరాతో ఎక్కించేశాను, సెల్మా గారూ.”

“మంచిదేలే. నీ పని నువ్వు చేశావు.”

“ఇప్పుడేం చేస్తారు?”

సెల్మాకి ముందు తట్టింది కార్డుని పొయ్యిలో వెయ్యడం. పొయ్యి తలుపు మూడడుగుల దూరంలో ఉంది. కానీ పుస్తకంలో నంబరుంది. అది కవరు కూడా కాదు, కార్డు. ఆ ఊరి పోస్టాఫీసులో ఎవరో చదివుంటారు, సంచి మోసినవాడు చదివుంటాడు. ఐతా చదివింది. తను చదివింది. పాత బడిపంతులమ్మ అలవాటుకొద్దీ ఆ పిల్ల రాతలో తప్పులున్నాయా అని కూడా చూసింది. ఒక్కటీ లేదు.

కార్డు పట్టుకుని సంపాదకుడి గదిలోకి వెళ్ళింది.

కాంగుర్ భారీ మనిషి. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా ముందు పాట ఎత్తుకునేది ఆయనే. కార్డు ఒకసారి చదివాడు. రెండోసారి చదవలేదు. సిరా అద్దుకునే కాగితం తీసి దాని మీద కప్పాడు, అదేదో చల్లారిపోతుందన్నట్టు.

“ఎవరెవరు చూశారు?”

“ఐతా. నేను. ఇప్పుడు మీరు.”

“నన్ను లెక్కెయ్యకు,” అన్నాడు విసురుగా. అని, అంతలోనే సర్దుకుని, “కామ్రేడ్ సెల్మా, మీరిది కావాలని చేశారా?” అని అడిగాడు.

పదకొండేళ్ళలో ఆయన ఆమెని మీరనీ కామ్రేడనీ అనడం సభల్లో తప్ప ఎప్పుడూ లేదు.  “నేనా?” అంది సెల్మా. 

“రాతప్రతి నకలుందా?”

ఉంది. ప్రతి పజిలుకీ కార్బను పెట్టి నకలు తీసుకోవడం ఆమెకలవాటు. బీరువాలోంచి తెచ్చి బల్ల మీద పరిచింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. అడుగు నుంచి రెండో వరస. ఆ గడిలో ఆమె వేసింది రెండు చుక్కల ఏ కాదు, రెండు చుక్కల యు. ఆ అక్షరంతో చదివితే అది ఏ మాటా కాదు.

సెల్మా ఆ గడి మీద వేలు పెట్టి నవ్వేసింది. సంతోషమే అది, సందేహం లేదు. తర్వాత చాలా రోజులు ఆమె ఆ సంతోషాన్ని తలుచుకుని సిగ్గుపడింది.

“బతికించావు!” కాంగుర్ కుర్చీలో వెనక్కి వాలి మొహం తుడుచుకున్నాడు. “అంటే ప్రెస్సులో మార్చారన్నమాట. ఎవరు కూర్చారీ పేజీ?”

“ఎవాల్డ్ గారు.”

“ఎవాల్డ్...” కాంగుర్ కిటికీ వైపు చూశాడు. “రెండేళ్ళ కిందట మార్చిలో ప్రవాసానికి తరలించే రైలెక్కించింది అతని కూతుర్నే కదూ?”

“కూతుర్నీ అల్లుణ్ణీ. చంటిబిడ్డని కూడా.”

“అయితే ఎవరూ పెద్దగా అడగరు. అలాంటివాడు అలాంటి పనే చేస్తాడంటారు.” ఆ మాట ఆయనకే నచ్చలేదేమో, గొంతు సవరించుకున్నాడు. “చూడు సెల్మా, నాకు ఇద్దరు పిల్లలు. ఇది నేను పైవాళ్ళకి చెప్పకపోతే ఐతా చెబుతుంది. ఐతా చెప్పకపోతే ఆ ఊరి పోస్టువాడు చెబుతాడు. అప్పుడు దాచినందుకు కూడా అడుగుతారు. నకలు ఇక్కడే వదిలెయ్. నేను ఫోను చేస్తాను.”

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళేసరికే ఆయన ఫోను అందుకున్నాడు.

మర్నాడు పొద్దున మార్చి సంచిక చివరి ప్రూఫులు తెచ్చుకునే మిషతో సెల్మా ప్రెస్సుకి వెళ్ళింది. నది ఇంకా గడ్డకట్టే ఉంది. వంతెన మీద నడుస్తుంటే వెనక ఏదో లారీ నెమ్మదించినట్టనిపించి, తనని ఎక్కించుకుపోవడానికేనేమోనని పిట్టగోడకి ఆనుకుని నిలబడిపోయింది. లారీ నిండా బంగాళాదుంపల బస్తాలు. అది వెళ్ళిపోయాక కూడా కాసేపు అక్కణ్ణుంచి కదల్లేకపోయింది.

ఎవాల్డ్ కిటికీ పక్కన, సీసం అక్షరాల అరలున్న తన కేసు ముందు నిలబడి కంపోజు చేస్తున్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్ల ఏప్రనులో. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచెయ్యి తనంతట తాను కేసులోని అరల మీదికి పోయి అక్షరం ఏరుకొస్తోంది. కళ్ళు రాతప్రతి మీదే. ఆ చెయ్యి అరలు వెతుక్కోవడం సెల్మా ఎన్నడూ చూడలేదు.

“మీ ప్రూఫులు ఇంకో అరగంటండీ,” అన్నాడు తలెత్తకుండా.

“ఎవాల్డ్ గారూ, ఫిబ్రవరి పజిలు గురించి అడగాలి. అందులో ఒక అక్షరం మారింది.”

ఆ చెయ్యి ఆగింది. సెల్మా చుట్టూ చూసి, మిషను చప్పుడు చాటున, జరిగిందంతా చెప్పింది. కార్డు, ఆ పిల్ల, నాలుగక్షరాల మాట. కాంగుర్ ఫోను చేశాడని కూడా చెప్పింది. నకలులో ఏముందో చెప్పేటప్పుడు మాత్రం ఆమె చూపు కేసు మీదికి పోయింది.

ఎవాల్డ్ స్టిక్కు కింద పెట్టాడు. పెట్టడంలో అంచు బల్లకి తగిలి అందులోని రెండు పంక్తులూ సీసం ముక్కలై నేల మీద చెల్లాచెదురయ్యాయి. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి. వంగి ఏరడం మొదలెట్టాడు. సెల్మా కూడా వంగింది.

“చుక్కల యులు అయిపోయాయమ్మా,” అన్నాడు నేలకేసి చూస్తూనే. “ఆ వారం పాఠ్యపుస్తకం పని వచ్చి ఉన్నవన్నీ అందులోకి పోయాయి. మీ పేజీకి ఒక్కటి తక్కువైంది. మీకు ఫోను చేశాను కదా.”

“నాకా?”

“ఆ వారమే, శనివారం సాయంత్రం. ఇంటికెళ్ళే తొందరలో ఉన్నారు. ఒక యు తగ్గిందండీ, ఏం పెట్టమంటారు అన్నాను. ఏదో ఒకటి పెట్టెయ్యండి ఎవాల్డ్ గారూ, ఉత్త పూరకమే కదా, ఎవరు చూడొచ్చారు, అన్నారు.”

సెల్మాకి గుర్తొచ్చింది. పూర్తిగా గుర్తొచ్చింది. ఒక చేతికి చేతితొడుగు, ఇంకో చేతిలో ఫోను. ఆ మాటే అంది. తన గొంతు కూడా వినిపించింది.

“నా చెయ్యి పక్క అరలోకి పోయింది,” ఎవాల్డ్ అన్నాడు. “అదీ చుక్కలదే కదా అని. అంతకుమించి ఏమీ లేదు. ఎవరి మీద ఒట్టెయ్యమన్నా వేస్తాను.”

“నాకు తెలుసు.”

ఇద్దరూ లేచి నిలబడ్డారు. అతని గుప్పెట్లో సీసం అక్షరాలు గలగలమంటున్నాయి. 

“ప్రతి నెలా మొదటి తారీకుకి అమ్మాయికి ఒక పార్శిలు పంపుతాను. కొవ్వు, ఎండురొట్టె, మేజోళ్ళు. బాబుకి ఒక జత బూట్లు పెద్ద సైజులో పంపాను, మొన్న ఉత్తరం వచ్చింది, సరిపోయాయంట.” ఆగాడు. “నేను లేకపోతే పంపేవాళ్ళు లేరు. సెల్మా గారూ, ఆ ఫోను సంగతి... మీరు చెప్పగలరా? మీరు చెబితేనే నమ్ముతారు. నేను చెబితే తప్పించుకోడానికి చెప్పాననుకుంటారు.”

సెల్మా నోరు తెరిచింది. చెబుతాననే అందామనుకుంది. వంతెన మీది లారీ మళ్ళీ కళ్ళ ముందు ఆగింది.

“చూద్దాం,” అంది.

ఎవాల్డ్ తలూపాడు. ఆ తలూపడంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ప్రూఫులు చుట్టి ఆమె చేతికిచ్చి, తడిసిపోకుండా పైన పాత కాగితం ఒకటి చుట్టాడు.

గురువారం పదకొండింటికి, అచ్చయ్యేవన్నీ ముందే చూసి అనుమతిచ్చే తనిఖీ కార్యాలయం నుంచి లాస్ అనే ఆయన వచ్చాడు. ముప్పై అయిదేళ్ళకి మించి ఉండవు. బాగా జలుబు చేసి ఉంది. తలుపు దగ్గర బూట్ల మంచు శుభ్రంగా దులుపుకుని, ఐతాకి నమస్కారం చెప్పి, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమన్నాడు. అంత మర్యాదగా మాట్లాడేసరికి సెల్మాకి ఇంకా భయమేసింది.

కాంగుర్ గదిలో బల్ల మీద కార్డు, పత్రిక, కార్బను నకలు వరసగా పెట్టారు. లాస్ ముందు కార్డు చదివాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, దాని వెనకవైపుతో ఆ నాలుగు గళ్ళూ ఒక్కోటిగా తడిమాడు.

“ఇది కనిపెట్టాలంటే మంచి కళ్ళుండాలి,” అన్నాడు.

“తప్పు ప్రెస్సుదని స్పష్టంగా ఉంది,” కాంగుర్ అన్నాడు. “ఇదిగో మా నకలు. మా సంపాదకవర్గం నుంచి సరైన అక్షరమే వెళ్ళింది.”

“కంపోజిటర్ని పిలిపించారా?”

బయట బెంచీ మీద కూర్చుని ఉన్న ఎవాల్డ్‌ని లోపలికి పిలిచారు. టోపీ రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ఏప్రను లేకుండా అతన్ని చూడడం సెల్మాకి అదే మొదటిసారి. కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది.

“ఈ అక్షరం మార్చింది మీరేనా?”

“నేనేనండీ.”

“మిమ్మల్ని ఎవరన్నా మార్చమన్నారా?”

ఎవాల్డ్ సెల్మా వైపు చూడలేదు. చూస్తే బాగుండుననీ, చూడకపోతే బాగుండుననీ ఆమెకి ఒకేసారి అనిపించింది.

“గుర్తులేదండీ,” అన్నాడు.

లాస్ చిన్న పుస్తకంలో ఏదో రాసుకోసాగాడు. పెన్సిలు కాగితం మీద గరగరమంటోంది. ఇంకో పంక్తి రాసి పుస్తకం మూసేస్తే అంతా అయిపోతుంది. తను ఇంటికెళ్ళిపోవచ్చు, పొయ్యి రాజేసుకోవచ్చు, సూపు వేడి చేసుకోవచ్చు.

“నేను మార్చమన్నాను.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ గొంతు తనదేనని సెల్మాకి నమ్మకం కలగడానికి ఒక క్షణం పట్టింది.

“ఆ పేజీ కూర్చిన వారం, శనివారం ఈయన ఫోను చేశారు. అక్షరాలు తక్కువపడ్డాయి, ఏం పెట్టమంటారని అడిగారు. ఏదో ఒకటి పెట్టమన్నాను. అడిగే పెట్టారు. నేనే పట్టించుకోలేదు.”

“సెల్మా!” కాంగుర్ గొంతులో బెదిరింపుంది, బతిమాలడం కూడా ఉంది.

లాస్ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. “ఇది నిన్న మీ సంపాదకుడికి ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది.”

ఆయన కార్డు తిప్పి అడ్రసు మీద వేలు పెట్టాడు. “మరి ఈ అమ్మాయి? పదకొండేళ్ళ పిల్లకి సమష్టి క్షేత్రం అనగానే ఈ మాట ఎందుకు తట్టింది? ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం మాట్లాడుకుంటారు? కనుక్కోవాల్సి ఉంటుంది.”

అంతవరకూ సెల్మా భయం తన చుట్టూ, ఎవాల్డ్ చుట్టూ తిరిగింది. ఇప్పుడది ఒక్కసారిగా ఎక్కడో ఎనభై కిలోమీటర్ల దూరంలో, తనెప్పుడూ చూడని ఇంటి గుమ్మంలోకి పోయి నిలబడింది. బడి సంచి పుచ్చుకున్న పిల్ల, వాళ్ళమ్మ. లాస్ వేలి కింద గుండ్రటి అక్షరాలు.

బల్ల మీద పత్రిక తెరిచి ఉంది. చదరం కింద, చీమ తలకాయలంత అక్షరాల్లో, నెలనెలా మార్చకుండా వేసే పంక్తి ఒకటుంది. ఎవరూ చదవరు. రాసిన తనే మర్చిపోయింది.

“ఆ మాట అక్కడ లేదండీ,” అంది సెల్మా.

“ఏమిటీ?”

“పజిలుకి ఒక నియమం ఉంది.” చూపుడువేలు ఆ పంక్తి కింద పెట్టింది.  గట్టిగా నొక్కి పట్టింది. “మాటలు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి మాత్రమే చదవాలి. ఈ పిల్ల కింద నుంచి పైకి చదివింది. తిరగేసి చదివితే ఏ కాగితంలోనైనా ఏదో ఒక మాట వస్తుంది. మొదటి పేజీలో ఉన్న వ్యాసంలో కూడా వస్తుంది. నియమం ప్రకారం చూస్తే ఇందులో ఇరవై మాటలే ఉన్నాయి. మీరూ అలాగే చూశారు.”

చివరి మాట అన్నాక గానీ తనేం అందో ఆమెకి తెలియలేదు. ఫిబ్రవరి సంచిక ప్రూఫు మీద, అన్ని సంచికల మీద ఉన్నట్టే, అచ్చుకు అనుమతి అనే ముద్ర, దాని పక్కన పొట్టి సంతకం ఉంటాయి. ఆ సంతకం లాస్‌ది.

గదిలో పొయ్యిలోని కట్టె ఒకటి చిటపటమని కూలింది. కాంగుర్ గోడవైపు చూస్తున్నాడు. లాస్ పత్రిక దగ్గరికి లాక్కుని ఆ చిన్న పంక్తి రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత ఆయన సెల్మా వైపు చూసిన చూపులో మర్యాద లేదు. అదీ భయమేనని ఆమె వెంటనే గుర్తుపట్టింది. మూడు రోజులుగా అద్దంలో చూస్తోంది కదా.

“నియమం ప్రకారం,” అన్నాడు లాస్ నెమ్మదిగా, “ఈ మాట లేదు.”

“లేదండీ.”

“అంటే పిల్ల జవాబు తప్పు.”

 “అవును. తప్పు.”

“అయితే ఆ సంగతి ఆమెకి తెలియాలి. మీ చేత్తో ఉత్తరం రాయండి. అలాంటి మాట అక్కడ లేదని. బడికి ఒక కాపీ. విచారణ అక్కర్లేదు, టీచరు చూసుకుంటుంది.” నకలూ కార్డూ కలిపి మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. “ఇవి మా దగ్గర ఉంటాయి. ఏం కాదు, ఉంటాయంతే.” తలుపు దగ్గర ఆగి, ఐతాని జలుబుకి ఏదన్నా కషాయం తెలుసా అని అడిగాడు. ఐతా ఏదో చెప్పింది. శ్రద్ధగా విని వెళ్ళిపోయాడు.

ఎవాల్డ్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. తను వెళ్ళొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. కాంగుర్ చెయ్యి ఊపాక టోపీ పెట్టుకున్నాడు. సెల్మా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, తల కొంచెం వంచాడు. ఆమె చూపు తిప్పేసుకుంది.

ఉత్తరం కాంగుర్ చెబుతుంటే రాసింది. మొదటి కాగితం మీద సిరా మరక పడింది. రెండోదాని మీద ‘ప్రియమైన’ అని రాసి కొట్టేసింది. మూడోది కుదిరింది.

“ఉర్వేకి, నీ జవాబు అందింది. నువ్వు రాసిన ఇరవై ఒకటో మాట పజిల్లో లేదు. పజిలు కింద ఉన్న నియమం నువ్వు సరిగ్గా చదవలేదు. ఇకముందు శ్రద్ధగా చదివి, ఉన్న మాటలు మాత్రమే వెతకాలి. జవాబు తప్పు కనుక బహుమతి ఇవ్వడం కుదరదు.”

“ఇక చాలు,” కాంగుర్ అన్నాడు. అయినా సెల్మా కలం ఎత్తకుండా కాసేపు పట్టుకునే ఉంది. నువ్వు చాలా బాగా చదివావు అని ఒక్క ముక్క కలపాలని. కాపీ బడికి పోతుంది, ఇంకో కాపీ ఎక్కడికి పోతుందో తెలియదు. సంతకం పెట్టింది. మాటల పెట్టె అత్తయ్య అని కాదు, పూర్తి పేరుతో.

ఇరవై మాటలూ కనిపెట్టిన పిల్లలు ముప్పై ఒక్కమంది తేలారు. వాళ్ళందరికీ తలో డబ్బా పెన్సిళ్ళు. శుక్రవారమంతా ఆ డబ్బాలు కాగితాల్లో చుట్టి దారం కట్టింది. ముడి వేసేటప్పుడు ఐతా వేలు పెట్టి పట్టుకుంది. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ కార్డు ఊసెత్తలేదు.

శనివారం మార్చి సంచిక బజార్లోకి వెళ్ళింది. ఈసారి పజిలు ‘వసంతం వచ్చింది’. పద్దెనిమిది మాటలు. చివరి ప్రూఫు మీద సెల్మా ప్రతి నిలువు వరసా, ప్రతి అడ్డ వరసా, మూల నుంచి మూలకీ, తిరగేసీ బోర్లించీ చదివింది. ఐతా చేత చదివించింది. నియమం పంక్తిని లావు అక్షరాల్లో వేయించింది. ఇంట్లో గోడవతల ఎవరైనా మెట్లెక్కుతుంటే చేతిలో ఉన్న పని ఆపి అడుగులు లెక్కపెట్టడం అలవాటైంది. రెండో అంతస్తు దగ్గర ఆగితే ఊపిరి పీల్చుకునేది, ఆమె ఉండేది మూడోది.

తర్వాతి శుక్రవారం ఐతా ఒక ఉత్తరం తెచ్చి సెల్మా ముందు పెట్టింది. పుస్తకంలో ఎక్కించడానికి ముందే తెచ్చింది. ఈసారి కార్డు కాదు, కవరు. పిండి అంటించి, అంచులన్నీ గట్టిగా నొక్కి ఉంది. వెనక గుండ్రటి అక్షరాలతో పేరు.

“మీరు చూశాకే నంబరు వేస్తాను,” అని ఐతా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సెల్మా కవరు కత్తితో కాకుండా, పిండి అంటించినచోట గోటితో కొంచెం కొంచెంగా విప్పింది. లోపల పత్రికలోంచి కత్తిరించిన చదరం, గళ్ళ కాగితం ఒకటి.

“గౌరవనీయులైన సంపాదకురాలికి. మీ ఉత్తరం బళ్ళో అందరిముందూ చదివారు. నియమం చదవకపోవడం నా తప్పని నేను లేచి నిలబడి ఒప్పుకున్నాను. మా అమ్మ నా ఎర్ర పెన్సిలు దాచేసింది, అందుకని ఇది మామూలు పెన్సిలుతో చుట్టాను. మార్చి పజిల్లో పద్దెనిమిది మాటలూ దొరికాయి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికే వెతికాను. పందొమ్మిదోది కూడా ఉంది. అది నియమం ప్రకారమే ఉంది. కానీ నేను దాన్ని చుట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. మీరు చూసుకోండి. ఉర్వే.”

సెల్మా కిటికీల అట్ట పెట్టింది. పద్దెనిమిది కిటికీల్లో పద్దెనిమిది మాటలు. అట్ట తీసింది. బయట ఎక్కడా ఒక్క గీత లేదు, చెరిపిన మరక కూడా లేదు.

స్కేలు తీసుకుని మొదటి వరస నుంచి మొదలెట్టింది. ఎడమ నుంచి కుడికి. పన్నెండు వరసలు. పై నుంచి కిందికి, పన్నెండు. ఏమీ కనిపించలేదు. తను దాచిన మాటలే కళ్ళకి అడ్డమొస్తున్నాయి. పిచ్చుక, మొలక, కరిగిన మంచు. ఈసారి పెదాలు కదుపుతూ, ప్రతి గడి దగ్గరా ఆగి, మళ్ళీ చదివింది. పద్దెనిమిది వేల కాపీలు వారం కిందటే ఇళ్ళకి చేరాయి. వంటిళ్ళలో బల్లల మీద ఉన్నాయి. బళ్ళలో ఉన్నాయి. లాస్ బల్ల మీద ఒకటి ఉంది. ఈసారి చూపించడానికి నియమం కూడా లేదు.

“ఏం రాసింది?” ఐతా వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“పద్దెనిమిదీ కరెక్టే.”

“అంతేనా?”

“అంతే. బహుమతి జాబితాలో రాసుకో. కవరుకి నంబరు వెయ్యి, చదరం ఫైల్లో పెట్టు.”

గళ్ళ కాగితం మాత్రం ఇవ్వలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి నిప్పుల మీద పెట్టింది. అంచులు ముడుచుకుని, గుండ్రటి అక్షరాలు ఒక్క క్షణం మరీ నల్లగా కనిపించి, మండిపోయాయి. ఐతా కళ్ళెత్తి చూసి, మళ్ళీ తన పుస్తకంలోకి వంగింది.

సెల్మా వచ్చి కూర్చుని మార్చి సంచిక ఇంకో కాపీ తెరిచింది. మొదటి గడి మీద స్కేలు పెట్టింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. మాట దొరకలేదు. అయినా వెతకడం ఆపలేదు. ఉర్వే ఉందంది. ఉండే ఉంటుంది.